కుర్సురా చూచి వచ్చితిమి

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

నేను పండితుడను గాను. సహకార సంఘములో పద్దులు వ్రాసికొనువాడను. తీరిక చిక్కినప్పుడు మన గ్రంథాలయములోని భారతమును ముందు వేసికొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, తెలిసినంత తెలిసికొనుచు, తెలియనిచోట రెండు దినములు ఆగుచు చదువుకొన్నవాడను. అందుచేతనే కాబోలు, భారతములోని ఏదైన ఘట్టమును గూర్చి అరగంట మాటాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సరే యంటిని. కాని కూర్చుండి వ్రాయబోవునప్పటికి మనస్సు వేరొక చోటికి పోయినది.

ఈ ఇరువదియైదేండ్లలో మన గ్రంథాలయము పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనుటయే గాక మరికొన్ని పనులును చేసినది. వానిలో ఒకటి, క్రిందటి సంక్రాంతికి ముందు నలుబదియొక్క మందిని బస్సులో విశాఖపట్టణమునకు తీసికొనిపోయి జలాంతర్గామిని చూపించుట. ముసలివారు, కోడండ్రు, చంకబిడ్డలు, బడిపిల్లలు అందరును వచ్చిరి. ఆ ప్రయాణమును గూర్చి బస్సు కిరాయి రశీదు తప్ప మన దగ్గర కాగితము ఏదియు లేదు. వ్రాసి పెట్టకపోవుటవలన కలిగిన నష్టమొకటి నాకు స్వయముగా తెలియును. ఆ మాట చివర చెప్పెదను. భారతమును బొత్తిగా విడిచిపెట్టితినని కార్యదర్శిగారు కోపగించుకొననక్కరలేదు; దారిలో అదియును తగులును.

యుద్ధసామగ్రిని దాచి పదిమందికి చూపుట క్రొత్త సంగతి కాదు. ఏ కోటకు పోయినను త్రుప్పుపట్టిన ఫిరంగి ఒకటి యుండును. పిల్లలు దానిపై ఎక్కి కూర్చుందురు. అయితే యుద్ధచరిత్రకు ప్రత్యేకముగా ఒక ప్రదర్శనశాల పెట్టి, సేనానుల కత్తులతోపాటు సామాన్య సిపాయి ఉత్తరములను, భోజనపు గిన్నెను, ఆడువారు కర్మాగారములలో చేసిన పనిని సైతము చేర్చవలెనను తలంపు గడచిన శతాబ్దమున బలపడినది. లండను నగరములోని యుద్ధ ప్రదర్శనశాలను స్థాపింపవలెనని 1917లో, యుద్ధమింకను సాగుచుండగనే, అక్కడి ప్రభుత్వము నిశ్చయించెను. 1920లో దానిని తెరచిరి. 1936 నుండి అది యున్న భవనము పూర్వము మతి చలించిన వారి ఆసుపత్రి యట! ఈ సంగతి చదివినప్పుడు నవ్వవలెనో తలయూపవలెనో నాకు తెలియలేదు. అక్కడివారు 1972 మొదలు యుద్ధము చూచినవారి మాటలను యంత్రములపై పట్టి దాచుచున్నారు. ఇట్టి చోట్ల ఉపన్యాసములు చెప్పింతురు, వెంట నడచి చూపుదురు, పిల్లలును పెద్దలును కలసి చేయుటకు ఏవేని పనులు కల్పింతురు. మనము చేసినది ఆ మూడింటికిని మన ఊరి నకలు.

ఇక కుర్సురా సంగతి. ఈ జలాంతర్గామి సోవియటు దేశములో తయారైనది. 1969 డిసెంబరు 18వ తేదీన రీగా రేవులో మన నౌకాదళమున చేరినది. 31 సంవత్సరములు కొలువు చేసి, 73,500 నాటికల్ మైళ్ళు తిరిగి, 2001లో విరమించినది. దానిని ముక్కలుచేసి ఇనుముక్రింద అమ్మక, రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిపిరి. సముద్రమునుండి ఒడ్డునకు ఈడ్చిన దూరము ఆరువందల మీటర్లు మాత్రమే. దానికే ఏడాదిన్నర కాలము, సుమారు 5.5 కోట్ల రూపాయలు పట్టినవి. సముద్రములన్నియు తిరిగి వచ్చినదానికి చివరి ఆరువందల మీటర్లే కష్టమైనవి. 2002 ఆగస్టులో ప్రజలకు తెరచిరి. దానిని చూపించువారు నౌకాదళమున పనిచేసి విరమించినవారే. ఈ సంగతిని మీరు గుర్తుంచుకొనవలెను, ఏలయన మిగిలిన కథయంతయు దానిపై నడచును.

నేను దానిని చూచుట ఇది రెండవసారి. మొదటిసారి ఒక పెండ్లికి పోయి, తిరుగు రైలునకు రెండు గంటల వ్యవధి యుండగా కుటుంబసమేతముగా పరుగెత్తితిని. ముందువారి వీపు చూచుచు ఒక ద్వారమున ప్రవేశించి వేరొక ద్వారమున బయటపడితిని. చూపించువారు ఏమో చెప్పుచునే యుండిరి. మేము వినలేదు. తీర్థములో పాతాళభైరవి గుడారమునకు పోయి వచ్చినట్లు వచ్చితిమి. ఇంటికి చేరిన తరువాత మా అమ్మాయి, "నాన్నగారూ, లోపల అన్ని గొట్టములు ఎందుకు?" అని యడిగినది. నాకు తెలియదు. టిక్కెట్టు డబ్బు ఖర్చుక్రింద వ్రాసికొంటిని.

అందుచేత ఈసారి బయలుదేరుటకు ముందు రెండు సాయంకాలములు ఇక్కడనే, ఈ మామిడిచెట్టు క్రింద, పిల్లలకు దానిని గూర్చి చెప్పితిమి. మూడవనాడు బడి ఆవరణలో సున్నముతో జలాంతర్గామిని గీచితిమి. నేను పాత కొలత గొలుసు తెచ్చితిని. ఓడ పొడవు 91.3 మీటర్లు, అనగా గొలుసునకు అరువదియారు అడుగుల లెక్కన నాలుగున్నర గొలుసులు. వెడల్పు 7.5 మీటర్లు. ఆవరణ చాలలేదు! ముక్కు గేటు దాటి, రోడ్డు మీదికి వచ్చి, కిళ్ళీకొట్టు ముందర ఆగినది. పిమ్మట ఆ గీతలోపల ఏడు గదులు గీచి, అందులో డెబ్బదియైదుగురిని నిలువబెట్టితిమి. పిల్లలు చాలక దారిన పోవువారిని పిలిచితిమి. ఎనమండుగురు అధికారులు, అరువదియేడుగురు నావికులు. యంత్రములు, బ్యాటరీలు, టార్పెడోలు ఉండు చోటు వదలి నిలువుడనగానే అందరును ఒకరిపై ఒకరు పడిరి. పాలకేంద్రము నుండి వచ్చుచున్న ఒక అమ్మ ఆ గుంపులో చిక్కుకొని, "నాయనా, ఇందులో ఎన్నాళ్ళుంటారు?" అని యడిగినది. వారములు, ఒక్కొక్కప్పుడు నెలకు పైగా, అని చెప్పితిని. ఆమె చెంబు క్రింద పెట్టి గీత బయటికి పోయి నిలుచున్నది.

ఆ సున్నపు గీతలు మూడు దినములుండినవి. ఆ తరువాత అసలు ఓడను చూచినప్పుడు పిల్లలకు అది పరాయిది కాలేదు. ఇది ఏడు గదులలో ఎన్నవది, ఇప్పుడు కిళ్ళీకొట్టు దగ్గర నున్నామా, గేటు దగ్గర నున్నామా అని తమలో తాము చెప్పుకొనుచు నడచిరి.

లోపల మాకు చూపించినాయన జలాంతర్గాములలో పనిచేసి విరమించిన నావికుడు. నిదానస్తుడు. మాతో వచ్చినవారిలో ముసలివారున్నారని గ్రహించి ప్రతి గుండ్రని ద్వారము వద్దను తాను ముందు దాటి చేయి యందించెను. ఆ ద్వారములలో తల వంచి, కాలెత్తి, వీపు ముడిచి దాటవలెను. అధికారియైనను అంతే, వంటవాడైనను అంతే. డీజిలు యంత్రములు మూడు. వానికి గాలి కావలెను. నీటిక్రింద గాలి లేదు. కావున లోతున బ్యాటరీల బలముతో మోటార్లు త్రిప్పుదురు. బ్యాటరీలు నీరసించినప్పుడు పైకి తేలియో, లేక నీటికి కొంచెము దిగువ నిలిచి ఒక గొట్టమును మాత్రము పైకెత్తి గాలి పీల్చుకొనియో యంత్రములు నడపి మరల నింపుకొందురు. శత్రువునకు చిక్కుట కెక్కువ అవకాశము ఆ సమయముననే. మొసలికి ముక్కు పైకెత్తక తప్పనట్లు దీనికిని తప్పదు. అన్ని గొట్టములు ఎందుకో నాకు ఇన్నేండ్లకు తెలిసినది. మా అమ్మాయికి ఆ రాత్రియే ఫోను చేసి చెప్పితిని.

టార్పెడోలు విడుచు గొట్టములు పది; ముందు ఆరు, వెనుక నాలుగు. టార్పెడోలు ఇరువదిరెండు. వాని ప్రక్కనే నావికులు పడుకొను బల్లలు. నావికుల దుస్తులు తొడిగిన బొమ్మలను అక్కడక్కడ నిలిపిరి. మాతో వచ్చిన సీతమ్మ పెద్దమ్మ (ఇది ఆమె పేరు కాదు, పేరు వ్రాయవద్దని ఆమె ఆజ్ఞ) ఒక బొమ్మను చూచి, "కాస్త తప్పుకో బాబూ" అనెను. నవ్వులైనవి. ఆమెయే తరువాత మంచి ప్రశ్నలు వేసినది. బియ్యము ఎక్కడ పోయుదురు? ఉల్లిపాయ వేయించిన పొగ ఎక్కడికి పోవును? స్నానము మాటేమి? తాగునీరు మితముగా నుండుటచేత స్నానమునకు వీలుండదనియు, డీజిలు వాసనయే ఒంటి వాసన యగుననియు ఆయన చెప్పెను. ఇంటికి వచ్చిన తరువాత ఎన్నాళ్ళకు ఆ వాసన పోవునని పెద్దమ్మ అడిగెను. ఆయన జవాబు చెప్పుటకు కొంత తడవు పట్టినది. పిమ్మట తన భార్యను అడుగవలెననెను. పుస్తకములలో కొలతలు దొరకును; ఈ మాట దొరకదు. ఊరక బొమ్మలను చూచి వచ్చుటకును, తెలిసిన మనిషి వెంట నడచుటకును ఇదే భేదము.

అప్పుడు మన బడిపిల్లవాడొకడు అందరి మనస్సులోని ప్రశ్న నడిగెను: "ఇది ఎన్ని ఓడల్ని ముంచింది?"

ఒక్కదానినైనను ముంచలేదు.

పిల్లవాని ముఖము వాడిపోయినది. కొందరు పెద్దల ముఖములును వాడినవి. నా ముఖము నాకు కనబడదు గనుక చెప్పలేను. ఆయన తొందరపడక వివరించెను. 1971లో కుర్సురా అరేబియా సముద్రమున గస్తీ తిరిగినది. ఎదుట కనబడినది శత్రువుల ఓడయే యని రూఢిగా తెలియనిదే కొట్టరాదని ఆజ్ఞ. సముద్రమున వర్తకపు ఓడలుండును, ఇతర దేశములవారుందురు. చేతిలో ఇరువదిరెండు టార్పెడోలు పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, కొట్టకుండ తిరిగి వచ్చుట కూడ ఉద్యోగమే. ఈ మాటను దాచి, పిల్లల సంతోషము కొరకు నాలుగోడలు ముంచినదని చెప్పిన అడుగువాడెవడు? నేను లెక్కలవాడను. సున్న వేయవలసిన చోట సున్న వేసినవానిని చూచిన నాకు గౌరవము. జాతీయ పర్వములలో పనిచేయు నౌకలకు కట్టు జెండాల తోరణమును విరమించిన ఈ ఓడకు నేటికిని కట్టుచున్నారట. అది తగును.

రోడ్డు దాటిన టీయూ-142 విమానము. 1988 నుండి 29 ఏండ్లు సముద్రముపై కాపలా తిరిగిన ఈ పెద్ద విమానమును 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరచిరి. పిల్లలకు అదియే ఎక్కువ నచ్చినది. వారిని అక్కడ విడిచి మనము ముందుకు పోవుదము.

సమీపముననే బీచి రోడ్డు ప్రక్క 1971 సముద్ర విజయమునకు గుర్తుగా 1996లో కట్టిన స్మారకము కలదు. ఆ యుద్ధములో, డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారి 4వ తేదీ కాకుండ, ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి విశాఖ రేవు ముంగిట మునిగిపోయినది. అది అమెరికాలో కట్టబడి, మొదట డయాబ్లో యను పేర పనిచేసి, పిమ్మట వారికి వచ్చినది. మన విమానవాహక నౌక విక్రాంతును వెదకుచు, రేవు ముఖమున మందుపాతరలు వేయుటకు వచ్చినది. విక్రాంతు అప్పుడు అండమాను ప్రాంతమున నుండెను. ఘాజీలో నున్న తొంబదిమందికి పైగా మనుష్యులలో ఒక్కడును బ్రతుకలేదు. ఎట్లు మునిగినది? రాజపుత్ యను మన యుద్ధనౌక విడిచిన పేలుడు గుండ్లచేత నని మన పద్దు. తాను వేసిన మందుపాతరయే ప్రేలినదని వారి పద్దు. రెండు పద్దులును పొందుట లేదు. మృతుల సంఖ్యలో సైతము కొందరు 92 అనియు కొందరు 93 అనియు వ్రాయుదురు. ఆ ఒక్కడును ఒక తల్లికి బిడ్డడే గదా!

ఇప్పుడు ఎదుటి పుట చూడుడు. డిసెంబరు 9వ తేదీ రాత్రి మన కుక్రీ నౌకను పాకిస్తానుకు చెందిన హంగోరు అను జలాంతర్గామి డయ్యూ సమీపమున ముంచివేసెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తము 194 మంది పోయిరి. కెప్టెన్ మహేంద్రనాథ ముల్లా తన ఓడతో కూడ నీటిలోనికి పోయెను. ఆ హంగోరు ఎక్కడ నున్నదో ఎరుగుదురా? కరాచీలోని నౌకా ప్రదర్శనశాలలో నున్నది. మన కుర్సురా వలెనే. అక్కడి తల్లిదండ్రులును సెలవునాడు పిల్లలను తీసికొనిపోయి చూపుదురు. అక్కడి పిల్లవాడును ఎన్ని ఓడలను ముంచినదని అడుగకపోవునా? వానికి దొరకు జవాబు సున్న కాదు, ఒకటి. ఆ ఒకటిలో మన 194 మంది యున్నారని వానికి ఎవరైన చెప్పవలెను. ఘాజీలో తొంబదిమందికి పైగా యుండిరని మన పిల్లవానికి మనము చెప్పవలెను. నా దృష్టిలో యుద్ధ ప్రదర్శనశాలను చూపించుటలో కష్టమైన పని ఇదే. జమ మాత్రమే చూపి ఖర్చు మూసిపెట్టినచో అది పద్దు కాదు, చాటింపు.

ఇక్కడ భారతము తగిలినది. యుద్ధము ముగిసినపిమ్మట స్త్రీపర్వములో ధృతరాష్ట్రుడు ధర్మరాజును ఎందరు చచ్చిరని అడుగును. ధర్మరాజు చెప్పిన సంఖ్య సంస్కృత మూలములో 166 కోట్ల 20 వేలు. పదునెనిమిది అక్షౌహిణులను నేను కాగితముపై కట్టి చూచితిని: రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, కాల్బలము అన్నియు కలిపి 39,36,600 మాత్రమే. ఎట్లును పొందదు. తనిఖీదారునకు చూపిన సంతకము చేయడు! ఐనను నాకు ముఖ్యముగా తోచినది సంఖ్య కాదు. ఓడినవాడు అడుగగా గెలిచినవాడు జవాబు చెప్పెను. ఇరుపక్షములను ఒకే మొత్తములో చెప్పెను. పిదప దిక్కులేని శవములకు సైతము సంస్కారము చేయింపుమని విదురాదులను నియోగించెను. ఇంత శ్రద్ధగా లెక్క కట్టినవాని చిట్టాలో నుండి ఒక పేరు తప్పిపోయినది. తర్పణముల వేళ కుంతి నోరు విప్పు వరకు కర్ణుడు తనకు అన్న యని ఆయనకు తెలియదు.

ఇక నా నష్టము సంగతి.

మా మేనమామగారు మీలో చాలమందికి తెలియును. 1971లో సైన్యమున లారీ తోలుచు తూర్పు సరిహద్దున నుండిరి. తిరిగి వచ్చి నలుబదియేండ్లు వ్యవసాయము చేసిరి. యుద్ధము మాట ఎత్తినచో లేచి పశువుల దగ్గరికి పోయెడివారు. మాతో బస్సులో వచ్చిరి గాని, మోకాళ్ళ నొప్పులచేత జలాంతర్గామిలోనికి రాక బయట సిమెంటు చపటాపై కూర్చుండిరి. స్మారకము వద్ద నేను పిల్లలకు ఘాజీ సంగతి చెప్పుచుండగా వెనుక నుండి, "ఆళ్ళ ఇళ్ళకి కబురెళ్ళిందంటావా?" అనిరి. నేను వెనుదిరిగి చూచితిని. ఆయన నన్ను గాక సముద్రమును చూచుచుండిరి.

అక్కడనే, వేరుసెనగకాయలు ఒలుచుచు, మొదటిసారి చెప్పిరి. ఒక రాత్రి ఆయన లారీలో గాయపడినవారిని ఆసుపత్రి గుడారమునకు చేర్చవలసివచ్చినది. నలుగురు మనవారు, ఒకడు అవతలివాడు. అవతలివాడు చిన్నవాడు, మీసము సరిగా రాలేదు. దారిపొడవున నీళ్ళడిగెను. ఈయన రెండుసార్లు లారీ ఆపి పోసిరి. గుడారము వద్ద ఐదుగురిని దించిరి. తెల్లవారి సంతకము పెట్టుటకు పోయి చూచునప్పటికి పుస్తకములో నలుగురే యున్నారు. "అయిదుగుర్ని దింపానండీ" అని ఈయన అనగా అక్కడి గుమాస్తా తల యెత్తలేదట.

తరువాత ఏమైనదని అడిగితిని. బస్సు హారను మ్రోగినది. "ఇంటికెళ్ళాక చెప్తాలేరా, పెద్ద కథ. నువ్వు రాసుకుందువుగాని" అనిరి.

వ్రాసికొందుననుకొంటిని. సంక్రాంతి వచ్చినది. తరువాత ఎరువుల లెక్కలు. మార్చి నెలాఖరున సంఘము పద్దుల తనిఖీ. రెండు పర్యాయములు ఆయన అరుగు ముందునుండి పోవుచు, "మామయ్యా, ఆదివారం వస్తాను" అంటిని. ఆషాఢములో నాలుగు రోజుల జ్వరముతో ఆయన వెళ్ళిపోయిరి. ఆ ఐదవవాడు ఏమాయెనో, ఈయన వానిని వెదకిరో లేదో, ఏబదియేండ్లు ఆ మాటను లోపల ఎందుకు దాచుకొనిరో ఇప్పుడు చెప్పగలవారు లేరు. ఊరందరి బాకీలు పైసలతో సహా వ్రాసి పెట్టినవాడను నేను. ఆ ఒక్క పద్దు వ్రాయలేదు.

అందుచేత కార్యవర్గమువారిని ఒక కోరిక కోరితిని, వారంగీకరించిరి. నేటినుండి ప్రతి నెల మొదటి ఆదివారము దీపములు పెట్టిన తరువాత ఇచ్చట ఒక గంట కూర్చుందుము. సైన్యమున పనిచేసి వచ్చినవారు మన ఊర ఇంకను నలుగురున్నారు. భర్త సరిహద్దున నుండగా ఉత్తరము కొరకు తపాలా బంట్రోతునకు ఎదురు పోయిన ఇల్లాండ్రు ఇద్దరున్నారు. వారు చెప్పునదియును యుద్ధచరిత్రయే. చెప్పుట కిష్టము లేనివారిని ఎవరును బలవంతపెట్టరాదు. పిల్లలు ప్రశ్నలు వేయవచ్చును. ఎందరిని చంపితివని మాత్రము అడుగరాదు, ఎవరిని పోగొట్టుకొంటివని అడుగవచ్చును. వ్రాయుట నా వంతు. నా చేతివ్రాత బాగుగా లేదనువారు వచ్చి తామే వ్రాయవచ్చును. వచ్చే సంవత్సరము బస్సు కుదిరినచో మరల విశాఖపట్టణము పోవుదము. ఈసారి నాలుగు గంటలు కేటాయింపుడని ముందుగనే మనవి చేయుచున్నాను.

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. ఆ కిటికీ ప్రక్కన బల్లమీద నల్లని అట్ట వేసిన పుస్తకము పెట్టితిని. మొదటి పుటలో మా మామగారు చెప్పినంతవరకు వ్రాసి, క్రింద సగము పుట ఖాళీగా విడిచితిని. లారీలో నుండి దించినవారి సంఖ్య వద్ద ఐదుగురు అని అక్షరములలోను అంకెలలోను వేసితిని.